కాలయంత్రం ఎక్కిన తెలుగు: ‘ఆదిత్య 369’లో సంభావ్యత

విజ్ఞాన కల్పన కథను గాని చిత్రాన్ని గాని విమర్శించవలసి వచ్చినప్పుడు మనం తరచు చేసే పని ఒకటుంది. ఇది జరగదు, అది కుదరదు, ఆ యంత్రం అలా పనిచేయదు అని ఒక జాబితా రాసి తృప్తిపడతాం. జాబితాలో ప్రతి మాటా నిజమే కావచ్చు. అయినా దానిని సాహిత్య విమర్శ అనలేం. అసంభవం లేనిదే విజ్ఞాన కల్పన లేదు గనుక, ఏ అసంభవాన్ని కథకునికి విడిచిపెట్టాలి, ఏ అసంభవానికి అతణ్ణి నిలదీయాలి అనే వివక్ష విమర్శకునికి ముందుగా కావాలి. ఆ వివక్షను అభ్యసించడానికి సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991లో విడుదలైన ‘ఆదిత్య 369’ చాలా అనువైన రచన.

ఈ చిత్రాన్నే ఎన్నుకోవడానికి కారణాలు రెండు. మొదటిది, కాలయంత్రం అనగానే తెలుగువారికి గుర్తుకు వచ్చేది ఇదే. టెలివిజన్‌లో ఎన్నోసార్లు ప్రసారమై, 2025 ఏప్రిల్‌లో మళ్లీ థియేటర్లకు కూడా వచ్చింది. రెండవది మనకు ప్రత్యేకించినది. చిత్రకథలోని ప్రధాన ఘట్టం జరిగే విజయనగరం ఈ రాష్ట్రంలోనే ఉంది. బెంగళూరులో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి హొసపేటలో దిగవచ్చు. హంపి శిథిలాలను చూడని విద్యార్థి మన తరగతుల్లో అరుదు. కనుక ఆ కథ నమ్మదగినదా కాదా అని తేల్చడంలో మనకు కొంత అధికారం, మరికొంత బాధ్యత ఉన్నాయి.

కథ స్థూలంగా ఇది. ప్రొఫెసర్ రామదాసు ఒక కాలయంత్రాన్ని నిర్మిస్తాడు. అతని కుమార్తె హేమ, ఆమె ప్రేమించిన కృష్ణకుమార్ ఆ యంత్రంలో 1526నాటి శ్రీకృష్ణదేవరాయల రాజధానికి చేరుకుంటారు. అక్కడి నుంచి 2504వ సంవత్సరానికి వెళతారు. అప్పటికి భూమి ఉపరితలం అణుధార్మికతతో పాడై మనుషులు భూగర్భంలో బతుకుతుంటారు. పురాతన వస్తువుల పిచ్చి గల ప్రతినాయకుడు రాజావర్మకు రాయలనాటి వజ్రం మీద కన్ను పడుతుంది. ఆ వజ్రమే 1526నూ 1991నూ కలిపే దారం. నందమూరి బాలకృష్ణ కృష్ణకుమార్‌గా, రాయలుగా రెండు పాత్రలూ ధరించారు. మాటలు జంధ్యాల రాశారు.

దీనిని తూచడానికి పడమటి విమర్శ నుంచి తూనికరాళ్లు తెచ్చుకోనక్కరలేదు. మన అలంకారశాస్త్రంలోనే అవి ఉన్నాయి. భామహుడు, దండి చెప్పిన కావ్యదోషాల్లో ఒకటి విరోధం. దేశవిరోధం, కాలవిరోధం, కళావిరోధం, లోకవిరోధం, న్యాయవిరోధం, ఆగమవిరోధం అని దానికి ఆరు ముఖాలు. మరుభూమిలో తామరకొలనును వర్ణిస్తే దేశవిరోధం. గ్రీష్మంలో మంచు కురిపిస్తే కాలవిరోధం. ఈనాటి ప్రేక్షకుడు సినిమాలో పట్టే తప్పులన్నీ ఈ ఆరింటిలో ఏదో ఒకదాని కిందికి వస్తాయి. అంతకంటె ముఖ్యమైన మాట దండి చివర చెప్పాడు. కవి కౌశలం ఉంటే ఈ విరోధం కూడా దోషాల లెక్క దాటి గుణాల వీధిలో అడుగుపెట్టగలదని ఆయన అభిప్రాయం. విజ్ఞాన కల్పన అనే ప్రక్రియ మొత్తం ఈ ఒక్క వాక్యం మీద నిలబడి ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

మొదట యంత్రాన్నే తీసుకుందాం. భూమి సూర్యుని చుట్టూ సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతోంది. కాలంలో మాత్రమే వెనక్కి వెళ్లిన యంత్రం శూన్యాకాశంలో తేలవలసింది గాని విజయనగర పరిసరాల్లో దిగడమేమిటని ఎవరైనా అడగవచ్చు. ఇది దేశవిరోధమే. కాని దీనిని దోషంగా లెక్కించకూడదు. కాలయంత్రం ఉన్నదని ఒప్పుకొని కూర్చున్న ప్రేక్షకుడు అది ఎక్కడ దిగాలో కూడా కథకునికే వదిలివేస్తాడు. పెద్ద అబద్ధాన్ని అంగీకరించినవాడు దానికి తోడుగా వచ్చిన చిన్న అబద్ధానికి పేచీ పెట్టడు. అయితే జాగ్రత్తపరుడైన కథకుడు ఇక్కడ కూడా లాభం పొందగలడు. 1895లో వచ్చిన హెచ్.జి. వెల్స్ నవల ‘ద టైమ్ మెషీన్’లో యంత్రం ఉన్నచోటనే ఉండి కాలంలో కదులుతుంది. భవిష్యత్తులో మార్లాకులు దానిని కొంతదూరం ఈడ్చుకుపోయి దాచిపెడతారు. అందువల్ల యాత్రికుడు తిరిగివచ్చినప్పుడు అది ప్రయోగశాలలో బయలుదేరిన మూలన కాక, సరిగ్గా అంతదూరంలో మరో మూలన తేలుతుంది. ఆ కాస్త దూరమే అతని కథకు సాక్ష్యం. యంత్రానికి ఒక నియమం పెట్టి, ఆ నియమాన్ని తానే పాటించడంతో వెల్స్ మన నమ్మకాన్ని సంపాదించుకున్నాడు.

ఈ రహస్యం మన చిత్రకారులకు తెలియనిది కాదు. సింగీతం శ్రీనివాసరావు కె.వి. రెడ్డి శిష్యుడు, 1957నాటి ‘మాయాబజార్’కు సహాయకుడుగా పనిచేసినవాడు. అందులో ప్రియదర్శిని పేటిక ఉంది. తెరిచినవారికి అత్యంత ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. కృష్ణుడు చూస్తే శకుని కనిపిస్తాడు. ఒక్క నియమంతో ఆ పేటిక వింతవస్తువుగా మిగలక పాత్రల మనసులు చూపే అద్దమైంది. ప్రేక్షకుడు నవ్వుతూనే నమ్ముతాడు.

ఇక రెండవ తరగతి, కథనరూఢులు. లోకం మరిచిన శాస్త్రవేత్త, అతనికొక అందమైన కుమార్తె, ఆ కుమార్తెను ప్రేమించే సాహసి, అమూల్య వస్తువు కోసం అడ్డుపడే ధనవంతుడు, అన్నిటికీ సాక్షిగా ఒక పిల్లవాడు. ఈ వరుస ప్రపంచమంతటా విజ్ఞాన చిత్రాలకు అరిగిన బాట. దానికి మన సినిమా తన సొంత రూఢిని కలిపింది, అదే ద్విపాత్రాభినయం. 465 ఏళ్ల తేడాతో ఇద్దరు మనుషులు అచ్చుగుద్దినట్లు ఒకేలా ఉండడం లోకవిరోధం. అయినా తెలుగు ప్రేక్షకుడు అభ్యంతరం చెప్పడు. ఆ వేషం కోసమే టిక్కెట్టు కొంటాడు. రాయలను చూసి రాసిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పాయిష్, రాజు మధ్యరకం ఎత్తువాడని, ముఖాన స్ఫోటకపు మచ్చలున్నాయని నమోదు చేశాడు. తెర మీద ఆ మచ్చలు వెదకడం అరసికత. తెనాలి రామకృష్ణుని సంగతీ అంతే. ‘పాండురంగ మాహాత్మ్యం’ రాయల కాలం తర్వాతిదని సాహిత్య చరిత్రకారుల్లో చాలామంది భావిస్తారు. చిత్రంలో మాత్రం చంద్రమోహన్ ధరించిన రామకృష్ణుడు రాయల సభలోనే ఉన్నాడు. పరీక్షలో అలా రాస్తే మార్కు తగ్గవచ్చు గాని, చిత్రానికి తగ్గించకూడదు. రాయలు, రామకృష్ణుడు అనే జంట జనశ్రుతిలో స్థిరపడింది. జనశ్రుతిని అనుసరించడం కథకుని హక్కు.

అయితే నిలదీయవలసిన విరోధం ఏది? నా ఉద్దేశంలో అది భాష దగ్గర ఉంది. 1991 నుంచి 1526కు వెళ్లిన తెలుగువాడు అక్కడ నోరు విప్పగానే అందరికీ అర్థమవుతుంది. అందరూ చెప్పేది అతనికీ అర్థమవుతుంది. ఆ సభలో వినిపించేది పౌరాణిక, జానపద చిత్రాల నుంచి మనకు అలవాటైన ఆస్థానభాష. పదహారవ శతాబ్ది తెలుగుకు, ఇరవయ్యవ శతాబ్ది తెలుగుకు మధ్య తేడా కేవలం క్రియల చివరి అక్షరాల తేడా అన్నట్లు సంభాషణ సాగిపోతుంది. మను చరిత్రకు గాని ఆముక్తమాల్యదకు గాని వ్యాఖ్యానం లేకుండా పది పద్యాలు దాటలేని మనం ఈ సులువును ఎలా నమ్మాలి?

ప్రేక్షకునికి అర్థం కాని భాషలో సినిమా తీయలేరు గదా అని సమాధానం రావచ్చు. అది సబబే. కాని సినిమా అంతటా అవసరం లేదు. ఒక్క సన్నివేశం చాలు. ప్రాచీన తెలుగులో ‘కంపు’ అంటే పరిమళం కూడా. కన్నడంలో ఈనాటికీ అదే అర్థం. సభలో ఎవరో పండితుడు హేమ తలలోని పూల కంపును మెచ్చుకుంటే ఆమె ముఖం ఎలా మారుతుందో ఊహించండి. ‘చీర’ అనే మాట ఆనాడు వస్త్రమాత్రానికి చెల్లేది. కృష్ణకుమార్‌కు మంచి చీర ఇప్పించమని పెద్దమనిషి ఎవరైనా పురమాయించవచ్చు. తనకు ఉద్యోగం లేదని కృష్ణకుమార్ చెప్పుకుంటే, ఉద్యోగ పర్వం చదివిన ఆ పండితుడు ఇతడెవరో ప్రయత్నం లేని సోమరి అనుకుంటాడు. భాషతో హాస్యం పండించడంలో జంధ్యాలకు సాటి అరుదు. అటువంటి రచయిత చేతిలో ఉండగా ఈ అవకాశం జారిపోవడం విచారించవలసిన విషయం.

వెల్స్ ఈ చిక్కును తప్పించుకోలేదు. 8,02,701వ సంవత్సరానికి చేరిన అతని యాత్రికునికి అక్కడి ఎలోయీల మాట ఒక్కటీ తెలియదు. వస్తువులను చూపిస్తూ పిల్లవానిలా పేర్లు నేర్చుకుంటాడు. బ్రిటిష్ టెలివిజన్ ధారావాహిక ‘డాక్టర్ హూ’ మరో మార్గం చూపింది. 1963లో ఆ ధారావాహిక మొదలైన నాటి నుంచి పాత్రలు ఏ కాలానికి, ఏ గ్రహానికి వెళ్లినా భాష అడ్డం రాలేదు, ప్రేక్షకులూ అడగలేదు. 1976లో ప్రసారమైన ‘ద మాస్క్ ఆఫ్ మాండ్రగోరా’ అనే కథ పదిహేనవ శతాబ్దపు ఇటలీలో జరుగుతుంది. అందులో కథానాయకుని సహచరి సారా, తనకు ఇటాలియన్ ఎలా అర్థమవుతోందని హఠాత్తుగా అడుగుతుంది. అది తన జాతికి ఉన్న వరమని, దానిని ఆమెతో పంచుకుంటున్నానని డాక్టరు తర్వాత చెబుతాడు. అంతటితో ఆగితే అది సాకు మాత్రమే. ఇన్నాళ్లూ ఎన్నడూ అడగని ప్రశ్న ఇప్పుడు అడిగింది గనుక ఆమె మనసు శత్రువు వశంలో ఉన్నదని అతడు గ్రహిస్తాడు. ఏళ్ల తరబడి ఉన్న రంధ్రమే కథను ముందుకు తోసే మీట అయింది. విరోధం గుణవీధిలో అడుగుపెట్టడమంటే ఇదే. దండికి చూపిస్తే ఒప్పుకునేవాడు.

భాష విషయం ఇంతగా పట్టించుకోవడానికి మరో కారణం ఉంది. మాట అర్థం కాకపోవడం పరాయితనానికి మొదటి గుర్తు. పరాయితనం లేని కాలయాత్ర విహారయాత్ర అవుతుంది. విజయనగరానికి నిజంగా వెళ్లిన తెలుగువాని అనుభవం ఎలా ఉండేదో మనకు ఒక సాక్ష్యం ఉంది. శ్రీనాథుడు రాయల కంటె సుమారు నూరేళ్లు ముందు ప్రౌఢదేవరాయల కొలువుకు వెళ్లాడు. అప్పుడు చెప్పినదిగా ఒక చాటువు ప్రచారంలో ఉంది. తలకు కుళ్లాయి తొడిగి, ఒంటికి పెద్ద అంగీ వేసి, సహించని వెల్లుల్లి తిండి తిని, ఇన్ని పాట్లు పడ్డాను, నా మీద దయ లేదా అని కన్నడ రాజ్యలక్ష్మిని ప్రాధేయపడతాడు. అతడు అదే కాలపు మనిషి. నడిచీ బండ్లలోనూ చేరగల ఊరికే వెళ్లాడు. అయినా బట్ట పరాయిది, తిండి పరాయిది, కొలువు మర్యాద పరాయిది. అటువంటప్పుడు 465 ఏళ్ల ఆవలి నుంచి వచ్చిన కృష్ణకుమార్‌కు ఏదీ కొత్తగా తోచకపోవడం ఎలా కుదురుతుంది? టొమాటో, బంగాళదుంప లేని వంటిల్లు; పోర్చుగీసువారి ద్వారా మిరప అప్పుడప్పుడే ఈ తీరాలకు చేరుతున్న కాలం. మొదటి పూటే అతనికి ఆ ఊరు పరాయిదని తెలిసిరావాలి. పరిశీలించి చూస్తే, యంత్రం ఏదీ లేని ఆ నాలుగు పాదాల చాటువులో ఉన్నపాటి యాత్రాసత్యం ఈ చిత్రంలోని విజయనగర ఘట్టంలో లేదు.

మరొక లోపం మనబోటివారికే తొందరగా కనిపిస్తుంది. చిత్రంలోని విజయనగరం పూర్తిగా తెలుగు నగరం. నిజానికి ఆ రాజధాని ఎన్నో భాషల కూడలి. రాయల శాసనాలు కన్నడ, తెలుగు, తమిళ, సంస్కృతాల్లో దొరుకుతాయి. ఆముక్తమాల్యద అవతారికలో శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి తాను తెలుగు రాయడనని చెబుతూనే, రాజును మాత్రం కన్నడ రాయా అని సంబోధిస్తాడు. తెలుగులో ఎందుకు రాయాలో చెప్పవలసిన అవసరం ఉండడమే ఆ సభ ఒక్క తెలుగుదే కాదనడానికి ఆధారం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు, పొరుగింటి గుమ్మంలో తమిళం వింటూ పెరిగిన బెంగళూరు విద్యార్థికి రాయల రాజధాని ఊహకు అందినంత దగ్గరగా, ఒకే భాష వినిపించే ఊళ్లో పెరిగినవానికి అందకపోవచ్చు. హొసపేట బజారులో ఈనాడు వినిపించే కలగాపులగపు మాటలో సినిమా సెట్టింగు కంటె ఎక్కువ విజయనగరం ఉంది.

చివరగా పర్యవసానం సంగతి. కాలయాత్రకు మూల్యం ఉండాలి. మన పురాణాలకు ఈ సంగతి బాగా తెలుసు. భాగవతం నవమస్కంధంలో రైవతుడు తన కుమార్తె రేవతికి వరుని గురించి అడగడానికి బ్రహ్మలోకానికి వెళతాడు. అక్కడ గానం ముగిసేదాకా కాసేపు ఆగుతాడు. ఈలోగా భూమి మీద 27 మహాయుగాలు గడిచిపోతాయి. అతడు మనసులో అనుకున్న వరులు పోయారు. వారి కొడుకుల, మనుమల పేర్లు కూడా ఇప్పుడు వినరావని బ్రహ్మ చెబుతాడు. చివరకు రేవతిని బలరామునికి ఇస్తారు. ‘మాయాబజార్’లో శశిరేఖ తల్లిగా నగలూ సంబంధాలూ లెక్కలు వేసుకునే రేవతి ఈమే. బ్రహ్మలోకం గురించి మనం సందేహించవచ్చు గాని, తిరిగివచ్చి తనవారెవరూ లేరని విన్న తండ్రి గుండెను సందేహించలేం. అసంభవమైన ప్రయాణం ఒక నిజమైన నష్టాన్ని చూపింది.

‘ఆదిత్య 369’కు ఇంతటి అవకాశం చేతికందేంత దగ్గరలో ఉంది. కథకు 1526ను ఎన్నుకోవడం చాలా తెలివైన ఎంపిక. రాయచూరు యుద్ధం 1520లో గెలిచారు. రాజ్యం నిండుగా ఉంది. కాని రాయలు 1529లో మరణిస్తాడు. 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత ఈ నగరమే దోపిడికి గురై పాడుబడుతుంది. ఆ వీధుల్లో నడుస్తున్న వారందరిలో ఈ సంగతులు తెలియగలిగినవారు 1991 నుంచి వచ్చినవారొక్కరే. ఎదురుగా వెలుగుతున్న విఠలాలయాన్ని చూస్తూ దాని శిథిలాన్ని కూడా చూడగల కళ్లు వారివి. ఆ ఎరుక కథను నడిపించే బరువు కాలేకపోయింది. వజ్రమే ఆ బరువును మోసింది. వజ్రం పోతే వెదకవచ్చు. నగరం పోతుందని తెలిసి నోరు మెదపాలా వద్దా అన్నది అంతకంటె పెద్ద కథ.

2504నాటి భూగర్భ నగరానికీ ఇదే మాట వర్తిస్తుంది. అణుయుద్ధ భయం ఇంకా మనసుల్లో ఉన్న రోజుల్లో, చెర్నోబిల్ ప్రమాదం జరిగిన ఐదేళ్లకు వచ్చిన చిత్రంలో ఆ ఊహ సహజం. సీజియం 137 వంటి పదార్థం 30 ఏళ్లకు సగమవుతుంది. అంటే 300 ఏళ్లలో సుమారు వెయ్యో వంతుకు తగ్గుతుంది. అయితే ప్లుటోనియం 239 సగం కావడానికి 24,000 ఏళ్లు పడుతుంది. కనుక కథకుని వైపు వాదించడానికీ చోటుంది. ఇది న్యాయవిరోధమైనా సహించదగినదే. సహించరానిది మళ్లీ భాషే. 513 ఏళ్ల తర్వాత, ప్రపంచయుద్ధం దాటి, భూగర్భంలో తలదాచుకున్న మనుషులు మన తెలుగే మాట్లాడడం. సింగీతం సలహాదారుగా వ్యవహరించిన, 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’లో కూడా కాశీలోని భవిష్యత్ మానవులకు మన తెలుగే వచ్చు. 33 ఏళ్లలో యంత్రాలు, వాహనాలు, గ్రాఫిక్స్ ఎంతో మారాయి. భాషకు కాలం ఉంటుందన్న ఊహ మాత్రం మన తెరకు ఇంకా చేరలేదు.

ఇంత చెప్పడం చిత్రాన్ని తక్కువ చేయడానికి కాదు. బెంగళూరులోనే ఎక్కువభాగం చిత్రీకరించిన ‘పుష్పక విమానం’లో 1987లో మాటే లేకుండా కథ చెప్పిన దర్శకుడు, నాలుగేళ్లకు తెలుగువానిని కాలయంత్రం ఎక్కించాడు. అంతటి ధైర్యం ఆనాడు మరొకరు చేయలేదు. ఎక్కిన యంత్రం ఎక్కడికైనా చేరగలదని నమ్మించాడు కూడా. చేరినచోట మనం పరాయివాళ్లమన్న సంగతి చెప్పడం మాత్రం మిగిలిపోయింది.

ఆ లోటు తెలుగు చదువుకునే మన విద్యార్థులకు చిన్నది కాదు. గతమంతా మన ఇల్లే, మన మాటే, దుస్తులు మాత్రమే వేరు అని నమ్మినవాడు నిఘంటువు తెరవడు, శాసనం చదవడు. రాయల తెలుగు తనకు పుట్టుకతో వచ్చేసిందనుకుంటాడు. అది మనకు సగం తెలిసిన భాష అని, మిగిలిన సగానికి శ్రమపడి దారి వేసుకోవాలని గ్రహించినవాడే అక్కడికి నిజంగా చేరగలడు. ఈసారి చిత్రాన్ని చూసేటప్పుడు సభాఘట్టం దగ్గర ఆపి, కృష్ణకుమార్‌కు తెలియకూడని మాటలు ఎన్ని ఉండాలో లెక్క వేసి చూడండి. తర్వాత ఆముక్తమాల్యదలో ఒక్క పద్యం విప్పండి. ఎదురయ్యే ప్రతి తెలియని మాటా మనం నిజంగా మరో కాలంలో దిగామనడానికి గుర్తు.